వెనక నిలబడి చూసేవాడు

ముందు ఒక పేకాట గురించి చెప్పాలి. 2003, లాస్ వేగస్, వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ, ఆఖరి ఘట్టం. 839 మందితో మొదలైన ఆటలో ఇద్దరు మిగిలారు. ఒకడు సామ్ ఫర్హా. బీరూట్‌లో పుట్టాడు, పేకే అతని వృత్తి, పెదాల మధ్య ఎప్పుడూ వెలిగించని సిగరెట్టు ఉంటుంది. రెండోవాడు టెనెసీ రాష్ట్రంలో అకౌంటెంటు, 27 ఏళ్ళు, పేరు క్రిస్ మనీమేకర్. (నిజంగానే ఇంటిపేరు అది. కథలో పెడితే ఎడిటర్లు కొట్టేసేవారు.) ఆ పోటీలో సీటు ఖరీదు 10,000 డాలర్లు. మనీమేకర్ 86 డాలర్లు పెట్టి ఇంటర్నెట్‌లో ఒక చిన్న పోటీ గెలిచి, దాన్ని పట్టుకుని అక్కడిదాకా వచ్చాడు.

ఆట తెలియనివాళ్ళ కోసం: తలా రెండు ముక్కలు బోర్లించి ఇస్తారు. మధ్యలో అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు తెరుస్తారు, మొదట మూడు, తర్వాత ఒకటి, ఆఖర్న ఒకటి. ఏడింట్లోంచి మంచి అయిదు ఎవడికి కుదిరితే వాడిది డబ్బు. మధ్యమధ్యలో పందేలు. ఎదుటివాడి పందేనికి సరిపెట్టలేకపోతే, సరిపెట్టే ధైర్యం లేకపోతే, ముక్కలు పారేసి తప్పుకోవాలి.

ఆ ఆటలో మధ్యన తెరిచినవి ఇస్పేటు తొమ్మిది, డైమను రెండు, ఇస్పేటు ఆరు, ఇస్పేటు ఎనిమిది, ఆటీను మూడు. ఫర్హా చేతిలో ఇస్పేటు రాణి, ఆటీను తొమ్మిది, అంటే తొమ్మిదుల జత. మనీమేకర్ దగ్గర ఇస్పేటు రాజు, ఆటీను ఏడు. ఆఖరి ముక్క ఇస్పేటు పడినా, అయిదో పదో పడి వరస కుదిరినా గెలిచేవాడు. పడింది మూడు. చేతిలో ఏమీ లేదు. ఏమీ లేనివాడు తన బిళ్ళలన్నీ ముందుకి తోసేశాడు. ఫర్హా చాలాసేపు చూశాడు. ఎదురుగా టోపీ, నల్ల కళ్ళద్దాలు, కదలని మొహం. చివరికి గెలిచే ముక్కల్ని తన చేత్తోనే పారేశాడు. ఇంకాసేపటికి మనీమేకర్ 25 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు.

ఇదంతా టీవీలో చూస్తున్నవాడికి ఇద్దరి ముక్కలూ కనిపిస్తుంటాయి. పోటీలో కూర్చున్న ఇద్దరికీ తెలియనిది, ఇరవై ఏళ్ళు దాటాక నర్సీపట్నంలో మేడమీద గదిలో ఫోను దిండుకి ఆనించి పడుకున్న నాకు తెలుసు. నాది అమెరికా వేళల్లో చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కరోనాలో హైదరాబాదు నుంచి ఇంటికొచ్చి ఇక్కడే ఉండిపోయాను. పని అయ్యేసరికి రెండో మూడో అవుతుంది, వెంటనే నిద్ర పట్టదు. అప్పుడు చూస్తాను. నేను ఒక్క రూపాయి పెట్టి పేకాడినవాణ్ణి కాదు. చూడ్డమే. అందులో తప్పేమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి చాలాకాలం నా దగ్గర మంచి జవాబు ఉండేది. ఆ జవాబేమిటో, దాన్ని మా ఇంట్లో వాడాల్సి వచ్చినప్పుడు అది ఎంతవరకు పనికొచ్చిందో రాద్దామని ఇది.

కాసినో పేకాటని టీవీలో చూపించడం 1970ల్లోనే మొదలైంది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఎందుకు పట్టించుకుంటారు? బల్ల చుట్టూ పెద్దమనుషులు కూర్చుని బిళ్ళలు అటూ ఇటూ తోసుకోవడం తప్ప కనిపించేదేమీ లేదు. పెళ్ళిచూపులకెళ్ళి పిల్లని చూడకుండా వాళ్ళ వీధరుగు చూసొచ్చినట్టు. చేతిలో ముక్కల్ని ప్రేక్షకుడికి మాత్రం చూపించే ఏర్పాటుకి 1995లో పేటెంటు తీసుకున్నవాడు హెన్రీ ఓరెన్‌స్టైన్ అనే బొమ్మల వ్యాపారి. కారు రోబోగా మారే ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మలు జపాన్ నుంచి అమెరికా చేరడంలో కూడా ఆయన చెయ్యి ఉంది. 1999లో బ్రిటన్‌లో చానెల్ 4 వాళ్ళు 'లేట్ నైట్ పోకర్' అనే కార్యక్రమంలో ముక్కలు చూపించడం మొదలెట్టారు. 2003లో అమెరికాలో అందరూ అదే దారి పట్టారు. ఆ ఏడు 839 మంది ఆడిన పోటీలో 2006కి 8,773 మంది కూర్చున్నారు.

ఓరెన్‌స్టైన్ గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకి పోలేను. ఆయన పోలండ్‌లో 1923లో పుట్టిన యూదుడు. తల్లిదండ్రుల్ని నాజీలు చంపేశారు. శిబిరంలో ఉండగా, ఖైదీల్లో శాస్త్రవేత్తలు ఎవరైనా ఉంటే పేర్లివ్వమని ప్రకటించారట. ఆయనా అన్నదమ్ములూ తాము శాస్త్రవేత్తలమని పేర్లు రాయించుకున్నారు. కారు. ఆ అబద్ధం వాళ్ళని బతికించింది. ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు ఇది. చేతిలో ఏమీ లేకుండా, కదలని మొహంతో, ప్రాణమే పందెంగా కూర్చున్నవాడు, యాభై ఏళ్ళ తర్వాత అందరి చేతిలో ముక్కలూ లోకానికి కనిపించేలా చేశాడు. దీనికి అర్థం చెప్పబోతే పాడవుతుంది. వదిలేస్తున్నాను.

నిజానికి మన దగ్గర ఈ కెమెరా పని చేసేవాడు ఎప్పట్నించో ఉన్నాడు. పెళ్ళివారి విడిదిలో రాత్రి దుప్పటి పరిచి రమ్మీ వేస్తే, ఆరుగురు ఆడితే నలుగురు వెనక నిలబడి చూస్తారు. అందులో ఒకడు కుదురుగా ఉండడు. గుండ్రంగా తిరుగుతూ అందరి చేతుల్లోకీ తొంగి చూస్తాడు. పెదబాబుకి జోకరు అక్కర్లేకుండానే వరస కుదిరిందనీ, అతనికి కావలసిన కళావరు రాజుని ఎదురుగా ఉన్న మేనమామ పొత్తికడుపుకి నొక్కి పట్టుకున్నాడనీ ఆ తిరిగేవాడొక్కడికే తెలుసు. వాడికి ఒకటే నియమం: నోరు మెదపకూడదు. కనుబొమ్మ కూడా ఎగరకూడదు. మెదిపితే "నువ్వు అవతలికి పోరా" అంటారు, వయసుతో పనిలేదు. చిన్నప్పుడు నేను బాగా తిరిగేవాణ్ణి. అన్నీ తెలిసి ఏమీ చెప్పకుండా ఉండడంలో ఒక సుఖముంది. టీవీ వాళ్ళు దానికి అంకెలు జోడించారంతే: ఇతనికి నూటికి 82, అతనికి 18.

ఈ అంకెల దగ్గరే నా మంచి జవాబు పుట్టింది.

రెండు ఆసులున్నవాడూ రెండు రాజులున్నవాడూ ముక్కలు తెరవకముందే ఉన్నదంతా పెట్టేశారనుకోండి. ఆసులవాడు అయిదింట నాలుగుసార్లు గెలుస్తాడు. అయిదోసారి ఓడతాడు. ఆ అయిదోసారి వాడు చేసిన తప్పేమీ లేదు. చేసినది అదే పని, వచ్చినది వేరే ఫలితం. ఇలాంటివి రాత్రికి ముప్ఫై చూస్తే కొన్నాళ్ళకి కళ్ళు మారతాయి. ఓడినవాణ్ణి చూసి వీడు సరిగ్గానే ఆడాడనీ, గెలిచినవాణ్ణి చూసి వీడికి బుద్ధిలేదనీ అనడం అలవాటవుతుంది. ఫలితాన్ని చూసి నిర్ణయాన్ని కొలిచే జబ్బుకి పోకర్ ఆటగాళ్ళు 'రిజల్టింగ్' అని పేరు పెట్టుకున్నారని ఆనీ డ్యూక్ 'థింకింగ్ ఇన్ బెట్స్' అనే పుస్తకంలో (2018) రాసింది. ఆవిడ స్వయంగా పెద్ద ఆటగత్తె.

మా ఊళ్ళో ఈ జబ్బు లేని ఇల్లు లేదు. ఏ ఊళ్ళోనైనా అంతే అనుకోండి. చెరుకేసిన ఏడాది అనకాపల్లిలో బెల్లం ధర పలికితే రైతు ముందుచూపున్నవాడు. పడిపోతే, "చెప్తే విన్నాడా". పూరి జగన్నాథ్ మా నర్సీపట్నం వైపువాడే. ఆయన గెలిచాడు కాబట్టి ఆయన ఊరొదిలి హైదరాబాదు పోవడం ధైర్యం. ఆయన్ని చూసి బస్సెక్కి, పదేళ్ళు అసిస్టెంటుగా తిరిగి, ఇంటికొచ్చి ఇప్పుడు ఫొటో స్టూడియో పెట్టుకున్నవాడిది 'పిచ్చి'. బస్సెక్కిన రోజున ఇద్దరి సంచుల్లోనూ ఉన్న సరుకు ఒకటే కావచ్చు. మనం ఎక్కిన రోజుని చూడం, దిగిన రోజునే చూస్తాం. ఈ అన్యాయం నుంచి కళ్ళని మరల్చేది ఏదైనా ఉంటే, అది కాసినో పేకాటైనా సరే, మంచిదే కదా? నా జవాబు ఇది. మనుషుల పట్ల న్యాయంగా ఉండడం నేర్పుతోంది కాబట్టి చూస్తున్నాను.

తత్వశాస్త్రంలో దీనికి 'నైతిక అదృష్టం' అని పేరుంది. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు దీని మీద ఒకే సభలో వాదించుకున్నారు. మన చేతిలో లేనిదాన్ని బట్టి మనల్ని మంచివాళ్ళనీ చెడ్డవాళ్ళనీ అనడం సబబేనా అని. విలియమ్స్ ఎత్తుకున్న ఉదాహరణ గోగాఁ అనే చిత్రకారుడు. ఆలుబిడ్డల్ని వదిలేసి బొమ్మలు వేసుకోవడానికి దక్షిణ సముద్రాల ద్వీపాలకి పోయినవాడు. బొమ్మలు గొప్పవయ్యాయి కాబట్టి మనం ఆ వెళ్ళిపోవడాన్ని ఇంకోలా చూస్తాం. అవి చెత్తగా వచ్చుంటే పెళ్ళాన్నొదిలి పారిపోయినవాడు, అంతే. వెళ్ళేరోజున తనకీ తెలియదు ఏది అవుతుందో. నాకు ఈ వ్యాసం చాలా నచ్చింది. అందులో ఒక మాట ఉంది. అప్పట్లో దాన్ని దాటేశాను, తర్వాత చెప్తాను.

ఈ మధ్యలో మా బావ సంగతి.

మా అక్క మొగుడు మంచి రమ్మీ ఆటగాడు. ఇది వ్యంగ్యం కాదు. పారేసిన ముక్కలన్నీ గుర్తుంటాయి. మొదటి ముక్క తియ్యకుండా డ్రాప్ అయిపోవాలా, ఆడాలా అన్నది చేతిని ఒక్కసారి చూసి చెప్పేస్తాడు. నాలుగేళ్ళ కిందట ఫోనులో ఆడడం మొదలెట్టాడు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పేకాటని 2020 సెప్టెంబరులోనే నిషేధించారు. తెలంగాణలో 2017 నుంచే లేదు. కానీ ఫోను వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే మార్గాలు చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, మా ఊళ్ళోనూ ఉన్నారు. ఎందుకు బావా అంటే, "సుప్రీంకోర్టే చెప్పింది కదరా, రమ్మీ స్కిల్లు అని" అనేవాడు.

అది నిజమే. 1963లో సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్ళని పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణ అనే ఆయనకీ మధ్య ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. మూడు ముక్కలాటలాగా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదనీ, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలనీ, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలనీ జస్టిస్ హిదాయతుల్లా తీర్పు రాశారు. ప్రకటనల్లో చెప్పినది అదే. చెప్పనిది, అదే తీర్పులో కింద ఉంది: ఆట పెట్టించేవాడు పందెపు ఆట మీద లాభం తీసుకుంటుంటే అది నేరమే కావచ్చని. ఫోనులో ఆట పెట్టించేవాడు ప్రతి పందెంలోనూ తన వాటా ముందే కోసుకుంటాడు. మేనమామ కన్నా పెదబాబు బాగా ఆడతాడు సరే, ప్రతి ఆటకీ దుప్పటి అద్దె కడుతుంటే ఆఖరికి ఇద్దరి జేబులూ ఖాళీ. ఇది నైపుణ్యానికి సంబంధించిన లెక్క కాదు, కూడికలు తీసివేతలు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న గొడవనే పక్కన పెట్టేసి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. మా బావకి అది ఆలస్యం.

నాలుగు లక్షలు పోయింది. అక్క గొలుసు కొక్కెం వదులైంది, అతికించుకొస్తానని పట్టుకెళ్ళి తాకట్టు పెట్టాడు. ఆ సంగతి మూడు నెలలకి బయటపడింది. అక్క పిల్లాణ్ణి తీసుకుని మా ఇంటికొచ్చేసింది. బావ తీసుకెళ్ళడానికొచ్చి హాల్లో కూర్చున్నాడు. నాన్న మాట్లాడలేదు. అమ్మ టీ ఇచ్చింది. బావ నా వంకే చూసి, చాలా మామూలుగా చెప్పాడు: "నేను తప్పు ఆడలేదురా. ముక్క రాలేదు. నువ్వు చూస్తావుగా, నీకు తెలుసు."

నాకు తెలుసు. అబద్ధం చెప్పడంలేదు. కావాలంటే ఆటల చిట్టా చూపిస్తానన్నాడు, ఫోను నా చేతిలో పెట్టాడు. నేను చూశాను కూడా. తియ్యాల్సింది తీశాడు, వదలాల్సింది వదిలాడు. వరసగా నలభై చేతులు చెత్త పడ్డాయి. అక్కడున్నవాళ్ళలో అతను చెప్పేది అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే. అక్క గుమ్మంలో నిలబడి అంది: "ఒరే, నువ్వు రాత్రంతా చూస్తుంటావు కదా ఈ ఆటలు. నువ్వే చెప్పు. మీ బావ తెలివైనోడా, తెలివితక్కువోడా?"

నా దగ్గరున్న జవాబు ప్రకారం నేను బావ పక్షం మాట్లాడాలి. ఓడినంతమాత్రాన తప్పు చేసినట్టు కాదక్కా అనాలి. అది పుస్తకాల ప్రకారం సరైన మాట. ఆ హాల్లో, ఆ గుమ్మంలో, దానంత సిగ్గుమాలిన మాట ఇంకోటి ఉండదు. నేను నోరు విప్పలేదు. ఆ తర్వాత చాలా రోజులు నన్ను తొలిచింది ఇదే: సరైనదీ సిగ్గుమాలినదీ ఒకే మాట ఎలా అవుతుంది?

తెమిలించింది మామ్మ. ఆవిడకి ఎనభై దాటాయి, రాత్రిళ్ళు నిద్ర పట్టదు. ఒక్కోసారి నా గదిలోకొచ్చి కుర్చీలో కూర్చుని, నేను చూసేది తనూ చూస్తుంది. ఇంగ్లీషు రాదు, పోకర్ రాదు, పేక మాత్రం వచ్చు. కళ్ళజోళ్ళ కుర్రాళ్ళని చూసి "ఈడు ఏడిపిస్తాడు", "ఈడికి ముక్క పడ్డాది, మెడ చూడు" అంటుంటుంది. చాలాసార్లు నిజమవుతుంది. ఒకరోజు ఎవరో ఉన్నదంతా ముందుకి తోశాడు, అంకెల్లో లక్షలు. నేను లెక్కలు చెప్తున్నాను, ఇతను తొయ్యడమే న్యాయం మామ్మా, నూటికి అరవై ఇతనివే అని. ఆవిడ కాసేపు చూసి అడిగింది:

"ఎవలి డబ్బులురా అయ్యి?"

"ఆడివే, ఇంకెవరివి?"

"అలాగని నీకెవులు చెప్పేరు? ఆడి పెళ్ళానికి తెలుసేటి?"

ఆ ప్రశ్నకి తెర మీద జవాబు ఉండదు. ఆటగాడి ముక్కలు కనిపిస్తాయి, గెలుపు శాతం కనిపిస్తుంది, ఒక్కోసారి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో కూడా వేస్తారు. ఆ బిళ్ళలు ఎవరివో మాత్రం వెయ్యరు. నిజానికి పెద్ద పోటీల్లో కూర్చున్నవాళ్ళలో చాలామంది సొంత డబ్బుతో ఆడరు. వాటాలు అమ్ముకుంటారు, ఇంత శాతం నీది, గెలిస్తే ఇంత ఇస్తాను అని. మనీమేకర్ కూడా సీటు గెలిచాక కొంత వాటా తండ్రికీ ఒక స్నేహితుడికీ అమ్మాడు. అంటే ఆ రాత్రి, చేతిలో ఏమీ లేకుండా ముందుకి తోసిన బిళ్ళల్లో కొన్ని వాళ్ళవి. కానీ వాళ్ళని అడిగాడు, వాళ్ళు డబ్బిచ్చి కొనుక్కున్నారు. పోతే పోతుందని ముగ్గురికీ తెలుసు. ఓడిపోయి ఇంటికెళ్ళినా తండ్రి ముందు తలెత్తుకుని కూర్చుని, ముక్క రాలేదు నాన్నా అని చెప్పగలడు. ఆ మాట అక్కడ నిజమూ, మర్యాదా కూడా.

మా బావ చెప్పిన వాక్యం అదే. గొలుసు వేరు.

విలియమ్స్ వ్యాసంలో నేను దాటేసిన మాట కూడా ఇదేనని తర్వాత అర్థమైంది. గోగాఁ గెలిచాక తన నిర్ణయాన్ని తనకి తాను సమర్థించుకోగలడేమో, కానీ ఎవరికి నష్టం చేశాడో వాళ్ళ ముందు సమర్థించుకునే హక్కు ఆ గెలుపు ఇవ్వకపోవచ్చు అంటాడాయన. అంటే గెలుపు ఓటముల్ని పక్కన పెట్టి నిర్ణయాన్ని మాత్రమే చూడు అన్న నా న్యాయం సగం దూరమే వెళ్ళింది. బావ ఓడినందుకు తప్పు చెయ్యలేదు, నిజమే. ఆ లెక్కన నాలుగు లక్షలు గెలిచి, గొలుసు విడిపించి, కొక్కెం అతికించి తెచ్చి మెళ్ళో వేసినా అంతే తప్పు చేసినట్టు. ఎవరికీ తెలిసేది కాదు, అది వేరే సంగతి.

ఇది కొత్త ప్రశ్న కాదు. సభలోంచి తనని తీసుకురమ్మని మనిషిని పంపితే ద్రౌపది వెనక్కి పంపిన ప్రశ్న ఇదే: ముందు తనని ఓడాడా, నన్ను ఓడాడా? పాచికలు సరిగ్గా పడ్డాయా, శకుని మోసం చేశాడా అని ఆవిడ మొదట అడగలేదు. పెట్టినవాడికి పెట్టే హక్కుందా అని అడిగింది. ఆ సభలో వెనక నిలబడి చూసినవాళ్ళలో భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని చెప్పి ఊరుకున్నాడు. నోరు మెదపకూడదనే నియమం పెళ్ళివారి విడిదికే పరిమితం కాదు.

అయితే ధర్మరాజు ఓడినవాడు. ఓడినవాణ్ణి తప్పుపట్టడం సులువు, ఇన్ని వందల ఏళ్ళుగా పడుతూనే ఉన్నాం. నాకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది నలుడి కథ. అడవిలో ఉన్న ధర్మరాజుకి బృహదశ్వుడనే ముని చెప్పిన కథ. నలుడు తమ్ముడు పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకుంటాడు. దమయంతి మిగిలింది కదా, ఆవిణ్ణి పెట్టు అంటాడు పుష్కరుడు. నలుడు మాట్లాడడు. నగలన్నీ తీసేసి, ఒంటిబట్టతో లేచి వెళ్ళిపోతాడు. కథంతటిలో నాకు అతి ఇష్టమైన చోటు అది. పేకాటలో డ్రాప్ అయ్యేవాడి గొప్పతనం ఎవరూ పాడరు.

తర్వాత కష్టాలన్నీ అయ్యాక, ఋతుపర్ణుడి దగ్గర సారథిగా ఉండగా నలుడు అక్షహృదయం నేర్చుకుంటాడు. అది దారిలో ఒక చెట్టు కింద జరుగుతుంది. ఆ చెట్టు మీద ఆకులెన్ని, కాయలెన్ని అని ఋతుపర్ణుడు చూపుతోనే లెక్కగట్టి చెప్తాడు. నలుడు చెట్టు కొట్టి లెక్కపెట్టుకుంటే సరిపోతాయి. అది తాని చెట్టు, సంస్కృతంలో విభీతకం. త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయతో పాటు వేసే తానికాయ దానిదే. నర్సీపట్నం దాటి లంబసింగి వైపు ఘాట్ ఎక్కితే ఆ అడవుల్లో పెరిగేదే. పూర్వం పాచికలకి దీని గింజలు వాడేవారు. ఋగ్వేదంలో జూదరి గోడు చెప్పుకునే సూక్తంలో ఉన్నవీ ఇవే. మామ్మ వీటిని దగ్గుకి వాడుతుంది. ఇది వ్యాసానికి అక్కర్లేదు, అయినా చెప్పాలనిపించింది.

సరే, విద్య వచ్చింది. శాతాలు కంటికి కనిపిస్తున్నాయి. నలుడు మళ్ళీ పుష్కరుడి దగ్గరకెళ్ళి ఆటకి పిలుస్తాడు. ఏం పెడతావంటే, వ్యాసుడి మూలంలో, తను సంపాదించిన ధనంతో పాటు దమయంతిని కూడా పెడతానంటాడు. ఎవరూ అడక్కుండా తనే. ఒంటిబట్టతో లేచిపోయిన రోజున పెట్టనిదాన్ని, విద్య వచ్చిన రోజున పెట్టాడు. ఒకే ఒక్క పందెం. గెలిచాడు. రాజ్యం వచ్చింది, తమ్ముణ్ణి క్షమించాడు, కథ సుఖాంతం. నలుణ్ణి ఎవరూ తప్పుపట్టలేదు. బృహదశ్వుడు ధర్మరాజుకి ఓదార్పుగా ఈ కథ చెప్పి, పైగా ఆ అక్షహృదయం కూడా నేర్పి వెళ్తాడు. పక్కనే ద్రౌపది ఉంది. ఆవిడేమనుకుందో ఎక్కడా లేదు.

మా బావ ఇప్పుడు నెలనెలా గొలుసు మీద అప్పు తీరుస్తున్నాడు. అక్క ఇంకా మా ఇంట్లోనే ఉంది. మొన్న మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తుంటే పక్కన కూర్చుని నలుడి కథ చెప్పాను, రెండో పందెం దాకా. ఓడిపోయుంటే ఏమయ్యేదని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"అప్పుడావిడ ఎక్కడుంది?" అంది.

"పుట్టింట్లో."

అక్క గింజ తీసి పళ్ళెంలో వేసింది. "మరి తనని పెట్టేడని తర్వాతైనా ఆవిడికెవరైనా చెప్పేరా?"

కథలో అది లేదన్నాను.